తొమ్మిది పలకల తలుపు

(తిరుపతి పాత ఊరి వ్యాపారులు, ఇళ్ల యజమానులు కలుసుకున్న సభలో ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మాట్లాడే ముందు ఒక వస్తువు చూపిస్తాను. వెనుక వరుసల వారికి కూడా కనిపించాలని పైకెత్తి పట్టుకుంటున్నాను. ఇది టేకు పలక. ఎత్తు ఏడడుగులకు కాస్త తక్కువ, వెడల్పు జానెడు. పక్క అంచున ఉలితో కొట్టిన గీతలు ఉన్నాయి, లెక్కపెట్టండి. ఐదు. అంటే ఇది ఐదో పలక. మా నాన్నగారి ఇత్తడి సామాన్ల దుకాణానికి ఇలాంటి పలకలు తొమ్మిది ఉండేవి. గడపలో ఒక గాడి, పై దూలంలో ఒక గాడి. రాత్రి ఒకటో పలక నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే గాడిలోకి జరుపుకుంటూ పోవాలి. తొమ్మిదోది పడ్డాక ఇనుప అడ్డకమ్మీ వేసి తాళం వేయాలి. పొద్దున్నే తొమ్మిదో దాని నుంచి వెనక్కి తీసుకుంటూ రావాలి. వరుస తప్పితే తలుపు పడదు. ఏ పలక అంచు దాని పక్క పలకకు సరిపోయేలా చిత్రిక పట్టిన వడ్రంగి పనితనం అది. నాకు ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వచ్చింది బడిలో కాదు, ఈ పలకల దగ్గరే.

తీసిన పలకలను మా నాన్న మూలన పెట్టేవారు కాదు. రెండింటిని అరుగు మీద రాళ్లపై పరిస్తే అదే బల్ల. చెంబులు, దీపపు కుందులు, హారతి పళ్లాలు దాని మీదికి వచ్చేవి. మే నెల మధ్యాహ్నం వీధిలో మనిషి కనిపించనప్పుడు ఆరు పలకలు మళ్లీ వేసేసి, మూడు పలకల సందు మాత్రం వదిలి, లోపల చాప మీద నడుం వాల్చేవారు. గిరాకీ వస్తే లేచేవారు. సాయంత్రం తొమ్మిదీ తీసేసేవారు. వీధి ఎంత వరకు, ఇల్లు ఎక్కడి నుంచి అన్నది ఏ పూటకు ఆ పూట ఈ పలకలు తేల్చేవి. ఇనుప షట్టరుకు ఆ తెలివి లేదు. అయితే పైకి, లేకపోతే కిందికి.

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేను గోడలు కొలిచాను, పునాదులు తవ్వించాను, అంచనాలు వేశాను. ఈరోజు మీ ముందు పెట్టదలచుకున్న మాట ఒక్కటే. పాత ఇల్లు కూలితే ఊరికి నష్టం. దాని చోట లేచిన భవనం కింది అంతస్తులో వీధికి వీపు చూపిస్తే అది ఇంకా పెద్ద నష్టం. మొదటి దాని గురించి అప్పుడప్పుడు పత్రికల్లో వస్తుంది. రెండో దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. పాత ఊరు మెల్లగా ఆరిపోతున్నది ఆ రెండో దాని వల్లే.

మన ఊరు పుట్టిన తీరు ఒకసారి గుర్తు చేసుకోండి. 12వ శతాబ్దంలో రామానుజులవారు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారని, ఆ గుడి చుట్టూ ఊరు పెరిగిందని మనం చెప్పుకుంటాం. 2022లో ఫిబ్రవరి 24న తిరుపతి పుట్టినరోజని మాడ వీధుల్లో ఊరేగింపు కూడా జరుపుకున్నాం. 1130లో పుట్టిన ఊరు అని పిల్లలకు చెప్పాం. చాలా సంతోషం. ఊరికి పుట్టినరోజు చేసినవాళ్లం, ఆ ఊళ్లో నిలిచి ఉన్న పాత ఇళ్లు ఎన్నో, ఏవో ఒక్క కాగితం మీద రాసుకోలేదు. ఎవరి దగ్గరా ఆ జాబితా లేకపోతే, పోయింది ఏమిటో కూడా మనకు తెలియదు.

గుడి ముందు మట్లి అనంతరాజు కట్టించిన గాలిగోపురం నిలబడి ఉంది. దాని కింద నుంచి సన్నిధి వీధిలోకి, అక్కడి నుంచి బేరి వీధి, కర్నాల వీధి, తీర్థకట్ట వీధి, గాంధీ రోడ్డు. ఇవన్నీ కాలినడక కోసం ఏర్పడిన వీధులు. రైలు దిగిన మనిషి సంచీ భుజాన వేసుకొని నడిచి గుడికి వస్తాడు. గుండు చేయించుకున్న నెత్తి, చెప్పులు లేని కాళ్లు, పక్కన పిల్లలు, వెనుక ముసలి తల్లి. ఆ తల్లికి ప్రతి నాలుగు ఇళ్లకు ఒకచోట కూర్చోవడానికి అరుగు కావాలి. ఎండకు పందిరి నీడ కావాలి. కుంకుమ, పసుపుతాడు, దేవుడి పటం, రాగి చెంబు, మాధవమాల కొయ్యబొమ్మ, కాళహస్తి కలంకారీ గుడ్డ కావాలి. వీటన్నిటినీ ఎనిమిదడుగులు, పదడుగుల వెడల్పు దుకాణాలు ఇచ్చేవి. పైన ఇల్లు, కింద దుకాణం, ముందు అరుగు. వీధిని వీధిగా నిలబెట్టింది ఆ అమరిక.

మరి వీటికి చట్టం రక్ష ఏమైనా ఉందా? కేంద్ర ప్రభుత్వం రక్షించే కట్టడాలకు 1958 నాటి చట్టం ఉంది. 2010 సవరణతో వాటి చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్ల వరకు నియంత్రణ. చంద్రగిరి రాజమహల్ మనకు దక్కి ఉన్నది ఆ కోవలో చేరినందువల్లే. రాష్ట్రానికి 1960 నాటి చట్టం వేరే ఉంది. కోట, గుడి, శాసనం, మండపం అయితే ఈ రెండు చట్టాలలో ఏదో ఒకటి చేయి అందిస్తుంది. మా ఇంటి లాంటి ఇంటికి, మీ దుకాణం లాంటి దుకాణానికి రెండూ అందించవు. రాజులు కట్టినది చరిత్ర, వర్తకులు కట్టుకున్నది పాత సామాను అన్నట్టుగా ఉంది వ్యవహారం. దీన్ని నేను ఒప్పుకోను.

అసలు మండపాలకైనా పూర్తి రక్ష ఉందా అంటే అదీ లేదు. తిరుమల గుడి ఎదుట ఉన్న విజయనగర కాలపు వేయికాళ్ల మండపాన్ని 2003లో తొలగించారు. భక్తుల రద్దీ పెరిగింది, స్థలం కావాలి అన్నారు. రద్దీ నిజమే. కానీ ఆ స్తంభాల నీడలో తరతరాలు కూర్చున్నారు. ఈరోజు పాతికేళ్ల లోపు పిల్లలెవరికీ ఆ మండపం కళ్లతో చూసిన జ్ఞాపకమే లేదు. ఒక కట్టడం ఊరి జ్ఞాపకంలో నుంచి పోవడానికి ఒక తరం చాలు. గాంధీ రోడ్డులోని హథీరాంజీ మఠం సంగతి మీకు నేను చెప్పనక్కర లేదు. 1843 నుంచి 1933 వరకు తిరుమల ఆలయ పాలన చూసిన మఠం అది. దాన్ని కూల్చాలా, బాగుచేయాలా అన్న వాదన ఏళ్లుగా నడుస్తోంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బాగుచేయడానికి ఎంత అవుతుందో పాత కట్టడాల పని తెలిసినవారు లెక్క కట్టి చూపించేదాకా కూల్చే మాట ఎత్తకూడదు.

ఇక మా ఇంటి కథ. ఇది చెప్పడానికి నాకు సులభం కాదు, అయినా చెప్పాలి.

మా ఇంటి ముఖభాగం 28 అడుగులు. అందులో నాన్నగారి దుకాణం ఉండేది. దాని పక్క గదిలో దర్జీ కుట్టుమిషను. ఆ పక్కన ఇంట్లోకి వెళ్లే నడవ. నడవకు అవతల ఎనిమిదడుగుల గదిలో గాజుల దుకాణం. ఆమెను మేమంతా గాజులత్త అని పిలిచేవాళ్లం. మా అక్కల పెళ్లిళ్లకు గాజులు వేసింది ఆమె. ఆ తర్వాత వాళ్ల కూతుళ్ల సీమంతాలకూ ఆమే వేసింది. బాడుగ ఎప్పుడు పెంచాలో నాన్నగారు అడిగేవారు కాదు, సంక్రాంతికి ఆమే పెంచి ఇచ్చేది. మొత్తం మీద ఆ 28 అడుగుల్లో వీధికి నాలుగు గడపలు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆ నాలుగు గడపల దగ్గర ఎవరో ఒకరు ఉండేవారు. తప్పిపోయిన పిల్లవాడు ఏడుస్తూ వస్తే కూర్చోబెట్టి నీళ్లిచ్చి, వాళ్లవాళ్లు వెతుక్కుంటూ వచ్చేదాకా చూసుకునేవారు. జేబు దొంగ ఆ వీధిలో నిలవలేడు. ఇన్ని కళ్లున్న చోట వాడికేం పని?

నాన్నగారు పోయాక మేము నలుగురం వాటాదారులం. ఇద్దరు బయటి ఊళ్లలో స్థిరపడ్డారు. మిద్దె కారుతోంది, దూలం చివర మెత్తబడింది. భాగాలు ఎలా పంచాలి? నడవ ఎవరికి, బావి ఎవరికి? చివరికి అందరూ చేసే పనే మేమూ చేశాం. డెవలప్‌మెంటుకు ఇచ్చాం. అగ్రిమెంటులో మాకు ఎన్ని చదరపు అడుగులు, ఎంత డబ్బు అన్నది వివరంగా రాసుకున్నాం. దర్జీకి, గాజులత్తకు మళ్లీ కింద చోటు ఇవ్వాలన్నది నోటి మాటగా అడిగాం. నోటి మాటగానే సరే అన్నారు. ఆ ఒక్క వాక్యం కాగితం మీద రాయించి ఉంటే ఈరోజు నేను ఇక్కడ వేరే మాట్లాడేవాణ్ణి.

లాడ్జి లేచింది. 28 అడుగుల్లో సగం సెల్లారులోకి దిగే వాలు. మిగిలిన దానిలో ఒక అద్దాల తలుపు, ఒక జనరేటరు, దాని చుట్టూ ఇనుప జాలీ. నాలుగు గడపల చోట ఒక్క తలుపు. గృహప్రవేశం నాడు గాజులత్త పసుపు కుంకుమలు, కొత్త చీర తెచ్చింది. మా అక్క చేతిలో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "నా చోటు ఎటువైపు నాయనా?" అని అడిగింది. నేను ఇంజనీరును. ఆ భవనం ప్లాను నాకు కంఠతా వచ్చు. ఆమెకు చూపించడానికి అందులో చోటు లేదు. ఆ తర్వాత ఆమె ఎదురు వరుసలో కాలువ గట్టు మీద గంప పెట్టుకొని కొన్నాళ్లు అమ్మింది. ట్రాఫిక్ వాళ్లు లేపినప్పుడల్లా లేచేది. ఆ తర్వాత రావడం మానేసింది.

ఆ లాడ్జికి వచ్చే యాత్రికుడు కారు దిగుతాడు, లిఫ్టు ఎక్కుతాడు, మళ్లీ కారు ఎక్కుతాడు. వీధిలో అడుగు పెట్టడు. అతని తప్పు లేదు, అక్కడ అడుగు పెట్టడానికి ఏమీ మిగల్లేదు. దాని పక్కింటి కుంకుమ దుకాణం కూడా మూడేళ్లకే మూతపడింది. రెండు చచ్చిన గోడల మధ్య ఒక్క దుకాణం బతకదు. కొనేవాడు ఒకటి చూస్తూ ఇంకొకదాని దగ్గరికి వస్తాడు. మధ్యలో ముప్పై అడుగులు ఖాళీగా కనిపిస్తే వెనక్కి తిరుగుతాడు. ఇక్కడ కూర్చున్న వ్యాపారులందరికీ ఇది నాకన్నా బాగా తెలుసు.

జాతర సంగతి కూడా చెప్పాలి. తాతయ్యగుంట గంగమ్మ జాతర మనకు ఏటా మే నెలలో వస్తుంది. పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మ వేషాలు మార్చి వీధి వీధి తిరిగిందని మన నమ్మకం. దొర వేషం వస్తుంది, మాతంగి వేషం వస్తుంది, సున్నపు కుండలు వస్తాయి. ఆ వేషం ఇంటి ముందుకు వచ్చినప్పుడు ఏం జరుగుతుంది? ఇంటి ఇల్లాలు గడప దాటి వచ్చి పసుపు నీళ్లు పోసి హారతి ఇస్తుంది. కుటుంబం మొత్తం అరుగు మీద నిలబడి ఉంటుంది. మా అమ్మ ఆ వారమంతా వాకిలి కడిగి ముగ్గు వేసి కనిపెట్టుకొని ఉండేది. ఇప్పుడు ఆ ఇంటి ముందు వేషం ఆగితే హారతి పట్టేది ఎవరు? కాపలా మనిషి గేటు పక్కకు జరుగుతాడు, అంతే. గుడి ఉంటుంది, అమ్మవారు ఉంటుంది, విశ్వరూపం ఉంటుంది. ఎదురు వచ్చే గడప లేకపోతే జాతర ఊరిది కాకుండా పోతుంది. ఇది నేను మాటవరసకు అనడం లేదు. గత ఏడాది వేషం వెనుక నడిచి చూశాను. ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకు సాగిపోవడం కళ్లారా చూశాను.

ఇప్పుడు కాస్త నా వృత్తికి సంబంధించిన మాట. పాత మిద్దె అనగానే శిథిలం అనే మాట మన నోటికి అలవాటైపోయింది. నిజానిజాలు చూడండి. ఇంజనీర్లు మద్రాసు టెర్రస్ అని పిలిచే ఆ మిద్దెలో టేకు దంతెల (సన్న దూలాల) మీద పలుచని ఇటుకలను నిలబెట్టి, ఏటవాలు వరుసల్లో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు దట్టిస్తారు. గానుగలో నూరిన సున్నం, అందులో కరక్కాయ, బెల్లం కలిపిన నీళ్లు. రోజుల తరబడి తడుపుతూ దిమ్మిసలతో కొట్టేవారు. అలాంటి మిద్దె పాడయ్యేది ఎక్కడ? దాదాపు ఎప్పుడూ మూడు చోట్లే. వాన నీరు పోయే తూము ఆకులతో మూసుకుపోతుంది. గోడలో దిగిన దంతె చివర ఆ తడికి మెత్తబడుతుంది. పిట్టగోడ పగులులో రావి మొక్క మొలుస్తుంది. తూము శుభ్రం చేయడానికి చీపురు చాలు. మెత్తబడిన చివరను కోసి కొత్త టేకు ముక్క అతికించవచ్చు, లేదా కింద ఇనుప ఆధారం పెట్టవచ్చు. రావి మొక్కను వేలెడు ఉన్నప్పుడే వేరుతో పెరికితే సరి. ఏడేళ్లు వదిలేస్తే అది గోడనే చీలుస్తుంది.

మనం చేసే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. సున్నపు గోడ ఉబ్బిందని దాని మీద సిమెంటు పూత పూస్తాం. సున్నం గోడలోని తేమను బయటికి పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు. తేమ లోపలే ఉండి ఇటుకను తినేస్తుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి గోడ పొట్టు రాలుతుంది. అప్పుడు, చూశారా పాత గోడ, ఇక లాభం లేదు అంటాం. గోడ తప్పు కాదు, మందు తప్పు. పక్క స్థలంలో సెల్లారు తవ్వితే పాత ఇల్లు పగలడం కూడా అలాంటిదే. ఈ ఇళ్ల పునాదులు లోతు తక్కువ, గోడలు చాలాచోట్ల ఉమ్మడి గోడలు. ఒకరు పదడుగులు నిలువునా తవ్వితే పక్కవారి మట్టి జారుతుంది. పగులు వచ్చిన ఇంటికి శిథిల భవనం అని నోటీసు వస్తుంది, తవ్వినవారికి రాదు.

నిర్లక్ష్యం ఎంత దాకా తీసుకుపోతుందో పక్క ఊళ్లోనే చూశాం. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. పగుళ్లు ముందే కనిపించాయి. చివరి గంటల్లో చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించడం వల్ల ప్రాణాలు దక్కాయి. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది. దండం పెట్టుకుంటాం, మంచిదే. కానీ దాదాపు 500 ఏళ్లు నిలిచిన దాన్ని మళ్లీ ఎవరు కట్టగలరు? పాత కట్టడాలు ప్రమాదం అని ఆ ఉదంతాన్ని చూపించి కూల్చమనేవారు ఉన్నారు. నేను దాని నుంచి నేర్చుకున్నది వేరు. పగులు కనిపించిన నాడే పని మొదలుపెట్టాలి.

యజమానుల కష్టం నాకు తెలియనిది కాదు. నేనూ ఒక యజమానినే. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కాలం నుంచి ఉన్న పాత బాడుగలతో కొన్ని ఇళ్లలో తూము బాగుచేయించే ఖర్చు కూడా రాదు. పదిమంది వాటాదారులుంటే మరమ్మతుకు పదిమంది ఒప్పుకోవాలి, అమ్మడానికి మాత్రం అందరూ త్వరగా ఒప్పుకుంటారు. కూల్చి కొత్తగా కట్టబోతే రోడ్డు విస్తరణకు, సెట్‌బ్యాకుకు ముందు స్థలం వదలాలి, పార్కింగు చూపించాలి. సన్నటి పొడవాటి స్థలాల్లో ఇవన్నీ వదిలాక కింద దుకాణానికి చోటు మిగలదు, స్తంభాల మధ్య కార్లు మిగులుతాయి. అంటే వీధిని చంపే భవనాన్ని నియమాలే కట్టిస్తున్నాయి. బిల్డరును తిట్టి లాభం లేదు. విశాలమైన కొత్త కాలనీకి రాసిన కొలతలను మాడ వీధికి తెచ్చి పెట్టడం దగ్గరే తప్పు ఉంది.

దీనికి దారులు లేకపోలేదు. అహ్మదాబాదు పాత నగరానికి 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అక్కడ పాత కొయ్య ఇంటిని కూల్చకుండా బాగుచేసుకునే యజమానికి టీడీఆర్, అంటే బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు, ఇస్తారు. తన స్థలంలో కట్టుకోని అంతస్తుల హక్కును ఊరి బయట కట్టుకునేవారికి అమ్ముకోవచ్చు, ఆ డబ్బుతో మిద్దె బాగుచేసుకోవచ్చు. టీడీఆర్ అంటే మనకు తెలిసింది రోడ్డు విస్తరణ బాండ్లే. వారసత్వ కట్టడాన్ని నిలబెట్టుకునేవారికీ ఆ అవకాశం మన రాష్ట్ర భవన నియమాల్లో ఉంది. కానీ మా ఇల్లు వారసత్వ కట్టడం అని చెప్పుకోవాలంటే ముందు ఒక జాబితాలో ఆ ఇల్లు ఉండాలి కదా. మొదట చెప్పిన కాగితం దగ్గరికే మళ్లీ వచ్చాం.

ఇంకా దగ్గర ఉదాహరణ పుదుచ్చేరి. అక్కడ తమిళుల పేటలోని వైశ్యాల్ వీధిలో వరుస ఇళ్ల ముఖాలను, తిణ్ణెలను, ముందు వసారాలను తిరిగి నిలబెట్టారు. ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. తిణ్ణె అంటే మన అరుగే. విడిగా ఒక మహలును బాగుచేసి టికెట్టు పెట్టడం తేలిక. వీధి మొత్తం అరుగులను నిలబెట్టడం కష్టం. వాళ్లు ఆ కష్టమైనదే చేశారు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. కాపాడుతున్నాం అనే పేరుతో మనుషుల్ని వెళ్లగొట్టడం కూడా జరుగుతుంది. 2011లో హంపి విరూపాక్షాలయం ముందరి బజారు వీధిలో ఏళ్లుగా బతుకుతున్న కుటుంబాలను, దుకాణాలను తొలగించారు. రాతి మండపాలు మిగిలాయి. బజారు అన్న పేరుకు అర్థం పోయింది. మన పాత ఊరికి అలాంటి శుభ్రత వద్దు. నేను అడుగుతున్నది ఇళ్లను అద్దాల పెట్టెలో పెట్టమని కాదు. పైన రెండు అంతస్తులు లేపుకోవాలంటే లేపుకోండి. లోపల లిఫ్టు పెట్టుకోండి. కింది అంతస్తు మాత్రం వీధికి వదలండి. మాడ వీధుల్లో, వాటిని ఆనుకున్న వీధుల్లో ఏ కొత్త భవనం కట్టినా కింద చిన్న చిన్న దుకాణాలే ఉండాలి. ఒక్కొక్కటి పది, పన్నెండు అడుగులు దాటకూడదు. ముందు నీడ ఉండాలి, కూర్చోవడానికి మోకాలెత్తు అరుగు ఉండాలి. పార్కింగు స్థలంలోనే చూపించాలనే నియమాన్ని ఈ నాలుగైదు వీధులకు సడలించి, దానికి బదులు ప్రతి భవనం దగ్గరా డబ్బు కట్టించుకొని వీధుల బయట ఒక్కచోట కార్లు నిలిపే భవనం కట్టాలి. యాత్రికుడు అక్కడ దిగి నడిచి వస్తాడు. నడిచి వచ్చేవాడే కొంటాడు.

2016లో తిరుపతి స్మార్ట్ సిటీ జాబితాలోకి వచ్చింది. శ్రీనివాస సేతు పైన వాహనాలు సాఫీగా పోతున్నాయి, రైల్వే స్టేషన్ కొత్త రూపు దిద్దుకుంటోంది. ఇవన్నీ ఊరికి కావాల్సినవే. స్టేషన్ పూర్తయ్యాక దిగే జనం ఇంకా పెరుగుతారు. వాళ్లు బయటికి వచ్చి ఎటు నడవాలి? సెల్లారు వాలుల పక్క నుంచా, దుకాణాల ముందు నుంచా? ఈ రెండేళ్లలో తేలిపోయే విషయం ఇది. ఆ తర్వాత మనం ఎన్ని సభలు పెట్టుకున్నా ప్రయోజనం ఉండదు.

బాడుగకు ఉన్నవారికి ఒక మాట. మీ యజమాని డెవలప్‌మెంటుకు ఇస్తున్నాడని తెలిసిన రోజే వెళ్లి అడగండి. కింద ఎన్ని అడుగుల చోటు, ఎంత బాడుగ, కట్టే రెండేళ్లు ఎక్కడ కూర్చోవాలి, ఈ మూడూ అగ్రిమెంటులో రాయించండి. యజమానులకు కూడా అదే చెబుతున్నాను. మీ ముందు గదిలో ముప్పై ఏళ్లు దీపం పెట్టినవారికి ఆ ఒక్క వాక్యం బాకీ ఉన్నారు. రాసివ్వండి. నేను రాయించలేదు.

ఇక పని. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు నాలుగు కాళ్ల మండపం దగ్గర కలుద్దాం. ఎండ ఎక్కకముందు రెండు గంటలు నడుద్దాం. వీధికి ఇద్దరు చొప్పున. ప్రతి పాత ఇంటికి నాలుగు సంగతులు రాసుకోవాలి: ముఖభాగం ఎన్ని అడుగులు, వీధికి గడపలు ఎన్ని, అరుగు ఉందా, కింద ఏ వ్యాపారం నడుస్తోంది. ఎదురుగా నిలబడి ఒక ఫోటో తీయండి. మిద్దె మీదికి రానిస్తే తూము చూడండి, రావి మొక్క ఉంటే ఇంటివారికి చెప్పి అక్కడే పెరికేయండి. ఎవరింటికీ వాళ్లు వద్దంటే వెళ్లొద్దు. వయసులో పెద్దవాళ్లు కనిపిస్తే కాసేపు కూర్చొని వాళ్లు చెప్పింది రాసుకోండి, తొందరపడొద్దు.

పలక తలుపులు ఇంకా వాడుతున్న దుకాణాలు నాకు తెలిసి కొన్ని మిగిలి ఉన్నాయి. వాటి పలకలు లెక్కపెట్టండి. నా దగ్గర టేపులు మూడు ఉన్నాయి. ఇంట్లో టేపు ఉన్నవారు మీది కూడా తెచ్చుకోండి, వంద అడుగులది అయితే మరీ మంచిది.